ఉప్పునీటి తొట్టిలో సున్నపు నాచు: తోడుకోవడానికి ఇంత ఆలస్యం ఎందుకు?

మా బావకు విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. ఆల్కలినిటీ, అంటే నీటిలో ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్, కార్బొనేట్ల నిల్వ, అనే మాట అతని నోట రోజుకు పదిసార్లయినా వస్తుంది. నెల్లూరులో మా ఇంటి హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి తొట్టి పెట్టిన నాలుగో నెలలో వచ్చాడు. లోపలి రాళ్లను కాసేపు తేరిపార చూసి, "ఫోటోల్లో ఊదారంగులో మెరిసిపోతుంటాయి కదా, నీ రాళ్లు వెల్ల వేసిన గోడల్లా ఉన్నాయేమిటి బావా? కాల్షియం తక్కువై ఉంటుంది. మినరల్ చల్లు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా నీళ్లతో బతుకుతున్న మనిషి చెప్పాడు కదా అని, గుంటల్లో చల్లే మినరల్ పొడిని అరకప్పు కలిపాను. రెండు రోజులు నీళ్లు మజ్జిగలా ఉన్నాయి. వారం తిరిగేసరికి రాళ్ల నిండా గోధుమరంగు మడ్డి పట్టింది. ఊదారంగు మాత్రం చుక్కైనా కనబడలేదు.

బావ చెప్పినది పూర్తిగా తప్పు కాదు. గుంటకు పనికొచ్చే లెక్క తొట్టికి ఎందుకు పనికిరాదో విప్పి చూస్తే, రాళ్లకు ఆ ఊదారంగు తెచ్చే నాచు గుట్టు చాలావరకు తెలుస్తుంది.

దీన్ని కోరలైన్ ఆల్గే అంటారు. నేను సున్నపు నాచు అంటాను, ఎందుకంటే అది చేసే పని అదే. ఎర్ర నాచుల జాతికి చెందిన ఈ మొక్క తన కణాల గోడల్లోనే సున్నాన్ని పేర్చుకుంటుంది. అందుకే మామూలు నాచులా జారుగా ఉండదు, రాయి మీద ఇంకో రాయి పూసినట్టు పట్టుకుంటుంది. ఇంత గట్టిగా ఉండటం వల్లే లిన్నేయస్ కాలంలో దీన్ని జంతువుల్లో చేర్చారు. ఇది మొక్కేనని జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త రుడాల్ఫ్ ఫిలిప్పి 1837లో తేల్చాడు. గులాబీ, ఊదా రంగులకు కారణం ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం. సముద్రంలో లోతుకు దిగే కొద్దీ మిగిలే నీలి, ఆకుపచ్చ కాంతిని అది పట్టుకోగలదు. బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతున, పగలు కూడా మనకు చీకటిగా తోచే చోట, ఈ నాచు పొర బతికి ఉండటం 1980లలో కనుగొన్నారు. కనుక "వెలుతురు చాలక రావడం లేదు" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మనక్కరలేదు.

ఇది పేర్చుకునే సున్నం మన తాంబూలంలోని సున్నం లాంటిది కాదు. కాల్షియం కార్బొనేట్‌లో కొంత కాల్షియం స్థానంలో మెగ్నీషియం చేరిన రూపం. సముద్ర జీవులు కట్టుకునే సున్నపు రూపాలన్నిటిలో తేలిగ్గా కరిగేది ఇదే. నీటిలో ఆమ్లగుణం కాస్త పెరిగినా ముందుగా ఇబ్బంది పడేది ఈ నాచే. ఇది గుర్తుంచుకుంటే తర్వాత చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఇక కాల్షియం సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, దాదాపు 1290 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. ఆల్కలినిటీ తొట్టివాళ్ల లెక్కలో 7 డి.కె.హెచ్., రొయ్యల రైతుల లెక్కలో సుమారు 125 పి.పి.ఎం. రెండూ ఒకే దాని కొలతలు: పి.పి.ఎం. అంటే లీటరుకు మిల్లీగ్రాము, ఒక డి.కె.హెచ్. అంటే 17.9 పి.పి.ఎం. తొట్టిలో ఆల్కలినిటీని 8 నుంచి 9 మధ్య, కాల్షియాన్ని 400 నుంచి 450 మధ్య, మెగ్నీషియాన్ని 1250 నుంచి 1350 మధ్య ఉంచితే చాలు.

నా తొట్టిలో 200 లీటర్ల నీళ్లు పడతాయి. నాచు సున్నం కట్టుకుంటూ 1 డి.కె.హెచ్. ఆల్కలినిటీని తినేసిందనుకోండి. రాళ్ల మీద మూడున్నర గ్రాముల సున్నం పేరుకుందని దాని అర్థం. ఆ మూడున్నర గ్రాముల కోసం నీటిలో తగ్గిన కాల్షియం లీటరుకు 7 మిల్లీగ్రాములు. అంటే 420 ఉన్నది 413 అయింది, రెండు శాతం కూడా తగ్గలేదు. ఆల్కలినిటీ మాత్రం 8 నుంచి 7కు పడింది, ఎనిమిదో వంతు పోయింది. కాల్షియం నిండుకుండ, ఆల్కలినిటీ చిల్లర డబ్బా. ఖర్చు ఏ మూలన జరిగినా ముందు ఖాళీ అయ్యేది డబ్బాయే. కాల్షియం సీసాలు కొని పోస్తూ నాచు రావడం లేదని బాధపడేవాళ్లలో ఎక్కువమంది కుండను నింపుతూ డబ్బా వంక చూడరు.

దీనికి ఇంకో కోణం ఉంది. నాచుకు కావలసిన కార్బొనేట్ అయాన్లు నీటిలో కాల్షియంతో పోలిస్తే చాలా తక్కువ. ఆ కాస్త కూడా పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది; ఆ అంకె తగ్గిందంటే నీటిలో ఆమ్లగుణం పెరిగినట్టు. పీహెచ్ 8.2 నుంచి 7.9కు పడితే, ఆల్కలినిటీ అంకె మారకపోయినా కార్బొనేట్ దాదాపు సగానికి తగ్గుతుంది. మే నెలలో తలుపులన్నీ బిగించి ఏసీ వేసుకుని నలుగురం హాల్లో పడుకుంటాం. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గదిలో పేరుకుని నీటిలో కరుగుతుంది, పీహెచ్ పడిపోతుంది. మా ఇంట్లో తెల్లవారి 5 గంటలకు 7.8 చూపించిన రోజులు ఉన్నాయి. కిటికీ ఒకటి ఓరగా తెరిచి పడుకుంటే మర్నాటికి 8.0 అయ్యేది. ఏ సీసా అక్కరలేకుండానే.

నెల్లూరులో ఉన్నవాళ్లకు ఒక వసతి ఉంది. నీటి పరీక్షలు చేసే ఆక్వా ల్యాబులు మనకు కొత్తవి కావు. రొయ్యకు గుల్ల గట్టిపడాలన్నా, గుల్ల విడిచాక కొత్తది త్వరగా రావాలన్నా ఖనిజాలు కావాలని ఇక్కడ పిల్లవాడైనా చెబుతాడు. కానీ ల్యాబు కాగితం తెచ్చుకుని తొట్టి పక్కన పెట్టుకుంటే చిక్కు మొదలవుతుంది. అందులో కాల్షియం హార్డ్‌నెస్ 1000 అని ఉంటుంది. అది కాల్షియం కాదు, కాల్షియం కార్బొనేట్‌గా లెక్కగట్టిన అంకె. రెండున్నరతో భాగిస్తే 400, అదీ అసలు కాల్షియం. మొత్తం హార్డ్‌నెస్‌లోంచి కాల్షియం హార్డ్‌నెస్‌ను తీసేసి మిగిలిన దాన్ని 4.1తో భాగిస్తే మెగ్నీషియం వస్తుంది. సముద్రపు నీటికి మొత్తం హార్డ్‌నెస్ 6300 దరిదాపుల్లో ఉంటుంది కనుక ఆ అంకె చూసి గుండె జారిపోనక్కరలేదు. నేను మొదటిసారి 1000 చూసి కాల్షియం రెట్టింపు కన్నా ఎక్కువగా ఉందనుకుని సగం నీళ్లు మార్చేశాను. ఇరవై రోజుల పని మళ్లీ మొదటికి వచ్చింది.

చాలామంది అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. మైపాడు ఇరవై కిలోమీటర్లే కదా, డబ్బాలు పట్టుకెళ్లి సముద్రపు నీళ్లే తెచ్చుకుంటే సరిపోదా? వేసవిలో, సముద్రం తేటగా ఉన్నప్పుడు, ఒడ్డుకు దూరంగా పడవ మీద తెచ్చిన నీళ్లయితే పరవాలేదు. ఒక కార్తీక మాసంలో నేను మైపాడు ఒడ్డున పట్టిన నీళ్లకు ఉప్పుశాతం (వందకు కాదు, వెయ్యికి లెక్క) చూస్తే 28 వచ్చింది, ఉండవలసింది 35. ఈశాన్య రుతుపవనాల వానలు, పెన్నా వరద కొంత కారణం. ఆ నెలల్లో తీరం వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే ప్రవాహం పైనున్న నదుల మంచినీటిని కూడా మోసుకొస్తుంది. ఉప్పుశాతం 28 అంటే కాల్షియం 330, మెగ్నీషియం 1030 ఉంటాయన్నమాట. చూడటానికి సముద్రమే, కానీ నాచుకు మాత్రం నీళ్లు కలిపిన పాలే. కల్లుప్పు కలిపి 35కు తెస్తే అన్నది మా బావ ఉపాయం. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో జరిగే పని తెలిసినవారికి అది ఎందుకు కుదరదో తెలుస్తుంది. నీళ్లు ఎండుతున్నకొద్దీ కాల్షియం లవణాలు ముందే అడుగున పేరుకుంటాయి, తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది. దాన్ని బయటకు వదిలేస్తారు. మన చేతికి వచ్చే కల్లుప్పులో నాచుకు కావలసిన రెండూ లేవు. అక్వేరియం కోసం తయారుచేసిన ఉప్పే కొనాలి, అది ఖరీదే.

ఆ ఉప్పును కలిపే నీళ్లు కూడా శుద్ధమైనవి కావాలి. బోరు నీళ్లలో సిలికా ఉంటుంది, గోధుమరంగు మడ్డికి అదే ఆహారం. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఇరవై లీటర్ల క్యాన్ల నీళ్లయినా, కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరుతో చూసుకోవాలి. నాకు ఒక క్యానులో 40, మరుసటి వారం అదే చోట తెచ్చిన దానిలో 110 వచ్చాయి. చివరికి ఇంట్లోని ఆర్.ఓ. యంత్రానికి అయాన్లను పట్టే రెసిన్ గొట్టం ఒకటి తగిలించాను.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మొదటి మూడు నెలల్లో ఏమీ రాకపోవచ్చు. కొత్త తొట్టి అంటే ఖాళీ స్థలం, ఎవరు ముందు ఆక్రమిస్తే వాళ్లది. నాలుగైదు వారాలు బాక్టీరియా కుదురుకోవడానికే పడుతుంది: అమ్మోనియా నైట్రైట్ అవుతుంది, నైట్రైట్ నైట్రేట్ అవుతుంది. ఆ వెనకే గోధుమరంగు మడ్డిలా పేరుకునే డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, తర్వాత ఆకుపచ్చ పీచు నాచు, కొందరికి ఎర్రటి జిగురు పొర. వీటన్నిటి పరుగు ముందు సున్నపు నాచు నత్తనడక నడుస్తుంది, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే పీచు నాచుకు పండగ, పైగా ఫాస్ఫేట్ సున్నపు స్ఫటికం పెరగకుండా అడ్డుపడుతుంది. గుంటకూ తొట్టికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. గుంటలో నీళ్లు రంగు తిరగాలని, బ్లూమ్ రావాలని, అంటే నీటిలో సూక్ష్మ నాచు విరివిగా పెరగాలని, ఎరువు వేస్తారు. అదే చేయి ఇక్కడ పెడితే సున్నపు నాచు పచ్చటి దుప్పటి కింద ఊపిరాడక పోతుంది. మేత తగ్గించడం, నత్తలను వదలడం, వారానికి పదో వంతు నీళ్లు మార్చడం. ఇంతకు మించి మందు లేదు. నత్తలు రాతిని గీకితే ఈ నాచుకు హాని జరగదా అని అడుగుతారు. పైపొర కణాలను అది తనంతట తానే రాలుస్తూ ఉంటుంది. నత్త గీకుడు దానికి దువ్వెన లాంటిది, మీద పడ్డ పచ్చ నాచు పోతుంది. సముద్రపు ముళ్ల ఉర్చిన్ మాత్రం సున్నంతో సహా కొరుకుతుంది, దాన్ని దూరంగా ఉంచండి.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. నేను అడగలేదు. తొట్టిలో అసలు తోడు పడిందా? పాలు ఎంత చిక్కగా కాచినా తోడు వేయనిదే పెరుగు కాదు. ఎండిన రాళ్లు, కొత్త ఇసుక, ప్యాకెట్టు ఉప్పు, శుద్ధి చేసిన నీళ్లు. వీటిలో ఎక్కడా ఈ నాచు బీజాలు ఉండవు. నాలుగు నెలలు నేను కాచిన పాలకు కాపలా కాశాను. సీసా మీద ఊదారంగు బొమ్మ వేసి అమ్మే ద్రావణం ఒకటి కొన్నాను కూడా. వారంలో రంగు వస్తుందని అమ్మినతను చెప్పాడు. తీరా చూస్తే అందులో ఉన్నది కాల్షియం, కాస్త స్ట్రాన్షియం.

తోడు ఎక్కడ దొరుకుతుంది? సముద్రంలోంచి పగడపు రాయి తెచ్చుకోవచ్చనే ఆలోచన మానుకోండి. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. కొన్ని సముద్రపు నత్తల జాతులు కూడా ఆ చట్టం జాబితాల్లో ఉన్నాయి కాబట్టి అమ్మేవాడిని అడిగి తెలుసుకుని కొనాలి. మన నెల్లూరు తీరమంతా ఇసుక గనుక ఇక్కడి ఒడ్డున ఊదారంగు రాయి దొరకడం కష్టమే. మంచి దారి, పాత తొట్టి ఉన్న మిత్రుడు. అతని అద్దం మీద పేరుకున్న పొరను బ్లేడుతో గీకి, ఆ రజనును అతని తొట్టి నీళ్లతోనే సీసాలో పట్టుకుని రావాలి. పంపుకు ఎదురుగా, రాళ్ల మీదుగా నీళ్లు పారే చోట పోసి, వడపోత బట్టను ఒక రోజు తీసేయాలి. నాచు పట్టిన గులకరాయి ఒకటి, వీపున ఊదా మచ్చలున్న నత్త ఒకటి దొరికినా చాలు. నాకు అలా దొరికింది ఒంగోలులోని ఒక మిత్రుడి దగ్గర. సీసాను ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా తువ్వాలు చుట్టి బస్సులో తెచ్చుకున్నాను.

తోడు వేసిన తొమ్మిదో వారంలో మొదటి చుక్క కనబడింది. ఎదురుచూసిన రాళ్ల మీద కాదు, పంపు వెనకాల, వెలుతురు అంతగా పడని నల్ల ప్లాస్టిక్ మీద. గుండుసూది తలంత ఉంది, నేరేడు పండు మరకలా. ఎర్ర జిగురు పొరేమోనని గోరుతో గీరాను. జిగురైతే పొరలా లేచి వచ్చేది. ఇది రాలేదు, గోరుకు గరుకుగా తగిలింది. అయినా నమ్మకం కుదరక రెండు వారాల తర్వాత అవి పది చుక్కలయ్యాక ఒకదాన్ని బ్లేడుతో లేపి పళ్లెంలో వేశాను. పొదలకూరు నిమ్మకాయ ఒకటి వంటింట్లో ఉంటే దాని రసం ఒక బొట్టు పిండాను. సన్నటి బుడగలు సుయ్యిమని లేచాయి. సున్నమే!

వెలుతురు గురించి రెండు మాటలు. మొదట్లో పగడాల కోసం పెట్టే బలమైన దీపాలను పూర్తిగా వెలిగిస్తే లేత పొర తెల్లబడి పోతుంది. నేను సగానికి తగ్గించి, నీలి కాంతి ఎక్కువ ఉంచి, రోజుకు ఎనిమిది గంటలు వెలిగించాను. నీళ్లు మార్చేటప్పుడు గాలికి తగిలిన భాగం ఎండిపోయి తెల్లబడుతుంది, కొన్ని రోజులకు ఆ తెల్లమచ్చ మీద పచ్చ నాచు చేరుతుంది. దాన్ని చూసి రోగం అనుకోవద్దు.

రోహిణి కార్తె మా ఊళ్లో వేరే పరీక్ష. గది వేడికి తొట్టి నీళ్లు 31 డిగ్రీలు దాటాయి, ఇరవై ఆరు ఏడు ఉంటే చాలు. నీటి మీదకు ఫ్యాన్ తిప్పితే మూడు డిగ్రీలు తగ్గింది, కానీ రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరయ్యాయి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు లోపలే ఉంటుంది. కనుక భర్తీ చేయవలసింది మంచినీళ్లతోనే. ఉప్పునీళ్లు పోస్తే పది రోజుల్లో ఉప్పుశాతం 40కి ఎగబాకుతుంది.

ఆ భర్తీ నీళ్లలోనే సున్నపు తేట కలపడం చాలా పాత పద్ధతి. సున్నం కలిపి తేర్చిన నీరు, ఆ తేట మాత్రమే. ఒక లీటరు తేట నా 200 లీటర్ల తొట్టిలో ఆల్కలినిటీని అర డి.కె.హెచ్. పైగా, కాల్షియాన్ని 4 మిల్లీగ్రాములు పెంచుతుంది, నాచు రెండిటినీ ఏ నిష్పత్తిలో వాడుకుంటుందో దాదాపు అదే నిష్పత్తిలో. పైగా పీహెచ్‌ను కూడా లేపుతుంది. అందుకే రాత్రిపూట, బొట్టుబొట్టుగా సెలైన్ గొట్టంతో వదులుతాను. ఇందుకు పులికాట్ గవ్వలు కాల్చి తీసిన గుల్ల సున్నం వాడవచ్చా అని కొందరు అడిగారు. తాంబూలానికి బాగుంటుంది గానీ, అందులో ఇంకేమి కలిసి ఉందో చెప్పలేం. ఆహారానికి వాడే శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కొనండి. తేట కంటికి పడితే ప్రమాదం, పిల్లలకు అందకుండా ఉంచండి. వేసవిలో ఆవిరయ్యే నాలుగు లీటర్లనూ తేటతోనే భర్తీ చేస్తే ఒక్క రోజులో రెండు డి.కె.హెచ్. పైగా ఎక్కుతుంది. కొత్త తొట్టిలో అంత తినేవాళ్లు ఎవరూ ఉండరు.

నా రెండో తప్పు ఇదే దారిలో జరిగింది. పదకొండో వారంలో చుక్కలు పెరిగిన ఉత్సాహంలో, పెరగడానికి కావలసినదంతా ఇచ్చేద్దామని ఒకే పూట కాల్షియం క్లోరైడ్, వెంటనే వంట సోడా ద్రావణం పోశాను. తొట్టిలో మంచు కురిసింది. కాల్షియం, కార్బొనేట్ ఒకదాన్నొకటి పట్టుకుని, నాచుకు చేరకుండానే తెల్లటి పొడిగా అడుగున పడ్డాయి. మర్నాడు ఆల్కలినిటీ 5.5. ఉన్న చుక్కల్లో నాలుగు తెల్లబడ్డాయి. ఇప్పుడు వంట సోడా అవసరమైతే ఆరు గ్రాములు మించను. 200 లీటర్లకు అది సరిగ్గా 1 డి.కె.హెచ్. దాన్నీ రెండు రోజులకు పంచుతాను. కాల్షియం వేసే రోజు వేరు. ఎంత ఉండాలన్న దానికన్నా, ఈ వారం ఉన్నంతే వచ్చే వారమూ ఉండటం ముఖ్యం. 7.5 దగ్గర నిలకడగా ఉన్న తొట్టిలో బాగా పట్టిన నాచు, 7కూ 11కూ మధ్య ఊగే తొట్టిలో పట్టకపోవడం చూశాను.

నా పుస్తకంలో ప్రతి ఆదివారం ఆల్కలినిటీ రాస్తాను. మొదటి నాలుగు నెలలూ ఆల్కలినిటీ పెంచేది ఏమీ పోయకపోయినా ఆ అంకె కదల్లేదు: 8.1, 8.1, 8.0. తొట్టిలో సున్నం తినేది ఏదీ లేదని అది అప్పుడే చెబుతోంది, నేను వినలేదు. అదే సమయంలో కాల్షియం పోస్తూ కూర్చున్నాను. తోడు వేసిన మూడో నెలలో వారానికి 0.3 తగ్గసాగింది. ఆరో నెలకు 0.8. కంటికి గులాబీ మచ్చలు అర్ధరూపాయి బిళ్లంత కూడా కాని రోజుల్లోనే అంకె ఆ సంగతి చెప్పేసింది. సున్నపు తేట ఎంత వదలాలో కూడా ఆ తగ్గుదలే చెబుతుంది: వారానికి 0.8 పోతే లీటరున్నర తేట చాలు.

పదకొండో నెలలో ముందు అద్దం మీద పొర దట్టమై చేపలు కనబడటం మానేశాయి. పంపు లోపల కూడా సున్నం కట్టి తిరగడం ఆగిపోతే వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి గంటసేపు నానబెట్టాను, బుసబుసా పొంగి శుభ్రమైంది. గాజు అద్దానికి బ్లేడు చాలు. అక్రిలిక్ తొట్టి ఉన్నవాళ్లు బ్లేడు పెడితే గీతలు పడతాయి, ప్లాస్టిక్ కార్డుతో పొర పలచగా ఉన్నప్పుడే గీకాలి. మొన్న బావ వచ్చినప్పుడు అదే పనిలో ఉన్నాను. రాళ్ల వంక, నా చేతిలోని బ్లేడు వంక మార్చి మార్చి చూసి, "ఏడాదిపాటు రావాలని ఏడ్చి, ఇప్పుడు వచ్చిందని గీకుతున్నావా బావా?" అన్నాడు. గీకిన రజను పారేయలేదు. కావలిలో ఒకతను ఎండురాళ్లతో తొట్టి మొదలుపెట్టి ఆరు వారాలైందట, సీసా కడిగి సిద్ధంగా ఉంచాను.